బావ ఎముకకు మాన్కోలిలో చేసిన అచ్చు

మా బావ ముంబై దగ్గరి భివండిలో, నార్పోలిలో పవర్‌లూమ్ మగ్గాలు నడుపుతాడు. రెండేళ్ల కిందట కుడి ముంజేయి విరిగి వంకరగా అతుక్కుంది. అప్పటినుంచి అరచెయ్యి పైకి తిరగదు, మగ్గం నాడెలో అయిపోయిన నూలు కండె మార్చలేడు, పక్కవాళ్లే మార్చిపెడుతున్నారు. ఇక చెయ్యి బాగుకాకపోతే మగ్గాలు వేరేవాళ్లకిస్తానని సేటు చెప్పేశాడు. ఎముకను మళ్లీ కోసి సరిచేస్తానని థానేలో ఒక డాక్టరు అన్నాడు. రంపం ఎక్కడ, ఏ వాలులో దిగాలో చూపే అచ్చును బావ ఎముక కొలతకే చేయించాలి. అక్కకు తోడుగా ఉందామని సిరిసిల్లలో మధ్యాహ్నం మూడింటి ప్రైవేటు బస్సెక్కాను. టికెట్టు పదమూడు వందలు. మరునాడు ఉదయం ఎనిమిదింటికి భివండిలో దిగాను.

పది గంటలకు బావా నేనూ షేర్ ఆటోలో దగ్గర్లోని మాన్కోలి వెళ్లాం, మనిషికి ముప్పై రూపాయలు. గోదాముల వరుసలో మేడ మీద ఉంది ఆ అచ్చులు చేసే వర్క్‌షాపు. డిజైనరు లావణ్య భివండిలో పుట్టిన తెలుగు నేతపనివాళ్ల అమ్మాయి. బావ ముందే ఇచ్చిన రెండు చేతుల స్కాన్ సీడీలోంచి బాగున్న ఎడమ ఎముక బొమ్మను కంప్యూటర్లో అద్దంలోలా తిప్పి, వంకర ఎముక మీద పెట్టి, తేడాను బట్టి కోత గీసిందట. ఆ లెక్కనే ప్రింటర్లో అచ్చు తీసింది. అరచేతిలో పట్టే తెల్లటి ముక్క, రంపానికి ఒక చీలిక, డ్రిల్లుకు నాలుగు రంధ్రాలు. అదే ప్రింటర్లో తీసిన బావ ఎముక నమూనా మీద దాన్ని కూర్చోబెట్టి, "ఏక్‌దమ్ ఫిట్, మామా" అంది.

బావ ఎడమ చేత్తో జేబులోంచి నూలు పోగు తీసి అచ్చు కింద దూర్చాడు. పోగు అటువైపు తేలింది.

"గిదేంది బిడ్డా?"

"గంత సన్న సందు ఏం గాదు మామా. డాక్టర్ సాబ్ ఒత్తి పట్టుకుంటడు."

"మగ్గం బిగిచ్చేటప్పుడు మేం గూడ గట్లనే అంటం. రెండు మీటర్లు నేసినంక తెలుస్తది."

"నువ్వేమన్న డాక్టర్‌వా బావా?" అన్నాను.

"కాదు. చెయ్యి నాది."

లావణ్య కొలిచి చూసింది. "సహీ బోలా మామా. కడిగి ఆరబెట్టినప్పుడు అంచుకున్న ఈ రెక్క వంగింది. మళ్ల చేస్త." రెక్కను మందంగా గీసి ప్రింటుకు పెట్టింది. ఐదు గంటలు పట్టింది. మేం కింద వడాపావ్ తిని కూర్చున్నాం. సాయంత్రం కొత్త అచ్చు చుట్టూ బావ పోగు పెట్టి చూశాడు. ఎక్కడా దూరలేదు.

"నా నౌకరీ గూడ నువ్వే చెయ్యి మామా."

"ముందు నా చెయ్యి రానియ్యి."

మరునాడు ఉదయం థానేలో ఆపరేషన్. రెండు గంటల తర్వాత డాక్టరు బయటికొచ్చి, అచ్చు మొదటిసారికే కదలకుండా కూర్చుందనీ, మత్తులో ఉండగా తిప్పి చూస్తే అరచెయ్యి పూర్తిగా పైకి వచ్చిందనీ చెప్పాడు. అక్క నా వీపు మీద ఒకటి వేసింది. "నేను ముందే చెప్పలే?" అంది. నిజానికి అక్క ముందు అలాంటి మాటే అనలేదు.

మూడు నెలలకు బావ మళ్లీ నాలుగు మగ్గాల మధ్య నిలబడ్డాడు. ఒక్కో మనిషి ఎముకకు ఒక్కో అచ్చు అంటే పెద్ద నగరాల పెద్ద ఆసుపత్రుల్లో జరిగే పని అనుకునేవాణ్ణి. గోదాముల మధ్య ఒక నేతపనివాడి కూతురు చేసింది. అందులో తప్పును మరో నేతపనివాడు పట్టాడు. మీరూ ఇలాంటి పని మీద వెళ్తే స్కాన్ ఫిల్ములు కాదు, సీడీ తీసుకెళ్లండి. విరిగిన చేతిదొక్కటే చాలదు, రెండు చేతులదీ కావాలి.