చేదుగా ఉంటే మందే అనుకున్నాను

ఈ పొద్దున రాయదుర్గంలోని మా ఆఫీసు ప్యాంట్రీలో, ఎవరో విదేశాల నుంచి తెచ్చిన డార్క్ చాక్లెట్ డబ్బా మూత తీశారు. ఆ వాసన ముక్కుకు తగలగానే నాకు చెమట పట్టింది. ఏడో తరగతిలో బడి మానేసి టీలు ఇచ్చేవాడు ఇలాంటి ఆఫీసులో ఇంగ్లీషుకు భయపడాలి; నేను చాక్లెట్‌కు భయపడతాను. ఆ భయం వెంటే సుగుణ సిస్టర్ గుర్తొస్తారు.

ఆమె మా అంతస్తులోని ఫస్ట్ ఎయిడ్ గదిలో నర్సుగా ఉండేవారు. కాకినాడ మనిషి, కాపురం కూకట్‌పల్లిలో. ఆదివారం చర్చికి, మిగతా రోజులు మా తలనొప్పులకు. నేను పదకొండింటికి టీ ఇచ్చి, దాంతోపాటు ఒక జోకు కూడా వడ్డించి వచ్చేవాణ్ని. రెండేళ్ల కింద, అన్నం తిన్న గంటకల్లా కుడి పక్కటెముకల కింద నొప్పి లేచి వీపులోకి పాకడం మొదలైంది. ఆమె పోరు పడలేక స్కానింగ్ చేయించుకున్నాను. పిత్తాశయంలో రాళ్లు. ఆపరేషన్ చేసి తీసేయాలన్నారు డాక్టరు. మా నాన్న ఆపరేషన్ కోసం దవాఖానాకు తన కాళ్ల మీద తాను నడిచిపోయి, నలుగురు మోస్తే ఇంటికొచ్చాడు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. జోకులు రెండింతలు చేశాను.

మా ఆఫీసులో విదేశాలకు వెళ్లొచ్చినవాళ్లు బల్ల మీద చాక్లెట్లు పెడతారు. పాల చాక్లెట్లు అరగంటలో మాయం. నల్లవి ఎవరూ ముట్టరు, సాయంత్రానికి మాకే మిగులుతాయి. అవి పిత్తాశయానికి మంచివని ఫోన్లో ఒక మెసేజ్ వచ్చింది. కాకరకాయ, వేపాకు మింగి పెరిగినవాణ్ని. ఇంత చేదుగా ఉన్నది మందు కాక ఏమవుతుంది? రోజుకు నాలుగు ముక్కలు, కళ్లు మూసుకుని నమిలేవాణ్ని. నొప్పి పెరిగితే మందు పనిచేస్తోందని ధైర్యం చెప్పుకున్నాను.

ఒకరోజు సిస్టర్ పట్టుకున్నారు.

"ఏంటయ్యా నములుతున్నావు?"

"మందు సిస్టర్. రాళ్లు కరుగుతయంట."

"ఎవరన్నారు?"

"ఫోన్ల వచ్చింది."

"ఆ ఫోన్‌కి పిత్తాశయం ఉందా?" అంటూ రేపర్ తిప్పి చూపించారు. "చదువు. ఎంత కొవ్వుందో చూడు. చేదైనంత మాత్రాన కొవ్వు ఎక్కడికి పోతుంది? కొవ్వు కడుపులోకి వెళ్తే పిత్తాశయం బిగుసుకుంటుంది. లోపల రాయి ఉంటే నొప్పి లేవొచ్చు. రాళ్లు లేనివాళ్లకి ఇది మంచిదో కాదో డాక్టర్లు తేల్చుకుంటారు. ఉన్న రాయిని మాత్రం ఇది కరిగించదు. ఆపరేషన్ ఎప్పుడు?"

"రాళ్లు తీస్తే ఇల్లు కట్టుకోనీకి నా దగ్గర ఇంకేం మిగుల్తది సిస్టర్? మీ క్రిస్మస్ అయినంక చూద్దాం."

"క్రిస్మస్ నాకు పండగ. నీకు వాయిదా."

వారం తిరగలేదు. టీ ట్రే పట్టుకుని ఆమె గదిలోకి వెళ్లేసరికి ఒళ్లు వణుకుతోంది, జ్వరం. ఆమె ట్రే అందుకుని పక్కన పెట్టి, నా కంటి కింది రెప్ప లాగి చూశారు. "కళ్లు పచ్చబడ్డాయి. పద." జోకు వేద్దామని నోరు తెరిచాను. వచ్చింది మా నాన్న సంగతి.

అంతా విని ఒక్కటే అడిగారు. "మీ నాన్నగారు ఎన్నాళ్లు దాచారు నొప్పి?"

"ఏడాది."

ఆమె వెంటనే క్యాబ్ పిలిచారు. సైబర్ టవర్స్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. ఆ ఏడాదినే తలుచుకుంటూ కూర్చున్నాను. మా నాన్నను చంపింది ఆపరేషనేనన్న దాంట్లో అప్పటిదాకా నాకు అనుమానమే లేదు. నేను ఎన్ని నెలలు జోకులతో వాయిదా వేశానో వేళ్ల మీద లెక్కపెట్టాను. ఆరు. ఆసుపత్రికి చేరాక తెలిసింది: ఒక రాయి జారి పైత్యరసం పోయే గొట్టానికి అడ్డం పడిందట. దాన్ని తీశారు, తర్వాత పిత్తాశయాన్నీ తీసేశారు. తెలివి వచ్చేసరికి ఆమె పక్కనే కూర్చుని ఉన్నారు, ఆఫీసు బ్యాడ్జీ మెడలోనే ఉంది.

పోయినేడు కాంట్రాక్టు మారి సిస్టర్ వేరేచోటికి వెళ్లిపోయారు. ఇప్పుడు ఒంట్లో ఏదైనా తేడా చేస్తే నేను ముందు ఎక్కడ నొప్పో చెబుతాను, జోకు తర్వాత. అది ఆమె పెట్టిన అలవాటు. అయినా మనిషి ఒక్కసారిగా మారతాడా? ఆపరేషన్ తర్వాత డ్యూటీలో చేరిన మొదటిరోజే, ఆమెకు టీ ఇస్తూ మళ్లీ జోకు మొదలుపెట్టాను.

"నేను పోయుంటే ఈ ఆఫీసుల అందర్నీ నవ్వించెటోడు ఎవడు సిస్టర్?"

ఆమె టీ కప్పు కింద పెట్టారు.

"అదే కదయ్యా నా భయం. నువ్వు పోయేదాకా వీళ్లు నవ్వుతూనే ఉండేవాళ్లు."