పండగపూట గేటు

ఆ వేసవంతా ఎపిఫానియాకి కాలు ఒకచోట నిలవలేదు. మొగుడు క్రిసాంతో రోజూ పొద్దున ఊరి రేడియోలో కూర్చుని ఏటి ఇసుక దొంగల్ని పేరుపేరునా కడిగేస్తాడు. కడిగించుకున్నవాళ్ళు ఊరుకుంటారా? చంపుతామని రెండుసార్లు ఫోన్ చేశారు. నిరుడు పక్క ఊళ్ళో ఇలాంటి రేడియో ఆయన్నే మోటారు సైకిలు మీద వచ్చి వాకిట్లో కాల్చిపోయారు.

విలేకరుల సంఘం గలిందో అనే రిటైరైన పోలీసాయన్ని పంపింది. ఆయన ఇల్లంతా కలియదిరిగి గోడ ఎత్తు పెంచమన్నాడు, గేటుకి గట్టి తాళం వేయమన్నాడు, మంచం కిటికీ పక్కనుంచి జరిపించాడు. "రోజూ ఒకే దారిన వెళ్ళొద్దు. మొహం తెలియనివాణ్ణి గడప తొక్కనివ్వొద్దు" అన్నాడు. ఆమె అన్నీ చేసింది. చేసినా గుండెదడ తగ్గితేగా. కుక్క మొరిగితే ఉలిక్కిపడేది, మొరక్కపోతే ఇంకా భయపడేది.

ఇంతలో రైతుల్ని కాచే పునీతుడు సాన్ ఇసిద్రో పండగొచ్చింది. ఆ పూట ఎవరింటి తలుపూ మూసుండదు. వచ్చినవాడికల్లా పెట్టాల్సిందే, నువ్వెవరి తాలూకని అడిగితే పరువు తక్కువ. ఈ ఏడు మూసేద్దామని ఆమె అనుకుంటుంటే, మహానుభావుడు రేడియోలో ఊరంతటినీ భోజనానికి పిలిచేశాడు.

"బుర్రుందా నీకు? గోడ లేపింది ఎందుకు, రంగు కాగితాలు వేలాడదీయడానికా?"

"గేటు మూస్తే భయపడ్డాడంటారే."

"అననీ. బతికున్నాడని కూడా అంటారు."

జనం విరగబడ్డారు. పంది మాంసం కూర వడ్డిస్తూ ఎపిఫానియా అందరి చేతులే చూస్తోంది. మూల బెంచీ మీద ఒకడు, ఇంత ఎండలోనూ జాకెట్ విప్పకుండా తింటున్నాడు. ఎవరూ వాణ్ణి పలకరించట్లేదు. ఆ జాకెట్ కింద ఏముందో. అయినా వెళ్ళి అన్నం పెట్టింది, కూర వేసింది, వద్దన్నా మళ్ళీ వేసింది. తింటున్నంతసేపు ఆ చేతులు ఖాళీగా ఉండవు కదా.

వాడు ప్లేటు పెట్టేసి దగ్గరకొచ్చాడు. "కూర బావుందక్కా. రేపు మీ ఆయన్ని వంతెన మీదుగా వెళ్ళొద్దను" అని గొణిగి వెళ్ళిపోయాడు.

రేడియోకి వెళ్ళడానికి ఉన్నవి రెండే దారులు. తిన్న విశ్వాసంతో చెప్పాడా? రెండో దారికి తోలడానికి చెప్పాడా? గలిందోకి ఫోన్ చేస్తే, "ఏ దారీ వద్దు, అసలు కదలనివ్వకు" అన్నాడు. మొగుడికి చెబితే నవ్వేశాడు.

తెల్లారి క్రిసాంతో చొక్కా వేసుకుని వచ్చేసరికి ఆమె గేటుకి తాళం వేసి, వీపు ఆనించి నిలబడి ఉంది.

"తియ్యవే, టైమవుతోంది."

"తియ్యను."

"ఎన్నాళ్ళు బంధిస్తావు?"

"నువ్వు ముసలాడివయ్యేదాకా. పళ్ళూడిపోయి నా ప్రాణం తీస్తుంటే చూడాలనుంది నాకు" అంది.

అతను ఏదో అనబోయాడు. అంతలో గేటు అవతల మోటారు సైకిలొకటి నెమ్మదిగా వచ్చి ఆగింది. ఇంజన్ ఆపలేదు. చాలాసేపటికి అది కదిలి వెళ్ళిపోయింది.

క్రిసాంతో చొక్కా బొత్తాలు విప్పుకుంటూ లోపలికి నడిచాడు.