రెండు గాట్లు

కోదాడలో మేం కిరాయికుంటున్న ఇంటి కింద అద్దాల దుకాణం ఉంది. కిటికీలకు, అల్మారాలకు అద్దాలు కోసి బిగించేది కాశీరాం. కోయగా మిగిలిన ముక్కలు ఒకప్పుడు చెత్తబండికి పోయేవి. ఇప్పుడు అతని భార్య ఉమ చేతికి వస్తున్నాయి. దుకాణం వెనక రేకుల గదిలో ఆమెకో చిన్న కరెంటు బట్టీ ఉంది. రెండు అద్దం పలకల మధ్య రంగు పొడి చల్లి అందులో పెడుతుంది. ఎనిమిది వందల డిగ్రీల దగ్గర అవి మెత్తబడి, అతుక్కుని, ఒకే పలక అవుతాయి. బట్టీ పూర్తిగా చల్లారాకే మూత తీస్తుంది. తొందరపడితే గాజు పగులుతుంది.

నేను కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. మా పాప ఇంకా ఏది దొరికినా నోట్లో పెట్టుకునే వయసులోనే ఉంది. ఆ గదిలోకి వెళ్లిన మొదటిరోజు నేను అడిగినవన్నీ భయాలే. రంగులో సీసం ఉందా, అంచు కోస్తుందా, పొడి గాలిలో లేస్తుందా అని. ఉమ నవ్వింది.

"అక్కా, మీకు గాజు కనవడ్తలేదు, దవాఖాన కనవడ్తున్నది."

ఆమె చేసిన ప్లేట్లు సూర్యాపేటలో శ్యాంసుందర్ గిఫ్టుల దుకాణంలో అమ్ముడుపోతాయి. వాటి వెనక ఆయన తన దుకాణం స్టిక్కర్ అంటిస్తాడు. ఉమ దాన్ని ఎన్నడూ పట్టించుకోలేదు, మిర్యాలగూడలో ఒక గృహప్రవేశానికి వెళ్లేదాకా. ఆ ఇంటి షోకేసులో తన వేపాకుల బొమ్మ ప్లేటు కనబడింది.

"ఇది నేను చేసిందే" అంది సంతోషంగా.

ఇంటావిడ చుట్టూ ఉన్నవాళ్ల వైపు చూసి నవ్వింది. "మా మరిది జైపూర్‌కెళ్లి తెచ్చిండమ్మా. అందరూ నేనే చేసిన్నంటే ఎట్ల? దానిమీద నీ పేరేమన్న ఉన్నదా?"

ఉమ ప్లేటు వెనక్కి తిప్పింది. ఊడదీసిన స్టిక్కర్ తాలూకు జిగురు మరక తప్ప ఏమీ లేదు. తిండి కూడా తినకుండా బస్సెక్కింది.

అప్పటినుంచి గుర్తు కోసం వెతుకులాట మొదలైంది. మార్కర్‌తో రాస్తే సబ్బునీళ్లకు పోయింది. సూదిమొన మిషనుతో పేరు చెక్కితే, గీతలు పడ్డాయని కొన్నవాళ్లు వాపస్ తెచ్చారని శ్యాంసుందర్ మొత్తుకున్నాడు. గాజురంగుతో రాసి బట్టీలో కాలిస్తే పేరు చెరగలేదు. కానీ ముందువైపు రాస్తే బొమ్మ పాడవుతుంది, వెనకవైపు రాస్తే సరిగ్గా దానిమీదే స్టిక్కర్ వచ్చి కూర్చుంటుంది.

అప్పుడామెకు గొర్రెల చెవులు గుర్తొచ్చాయి. ఉమ తండ్రి సత్తయ్యది తిరుమలగిరి దగ్గర పల్లె, గొర్రెల మంద ఉంది. వాళ్లింట్లో గొర్రెపిల్ల చెవి అంచున గాటు పెడతారు. నీళ్ల దగ్గర మందలు కలిసిపోతే చెవి చూసి ఎవరివి వాళ్లు తోలుకుంటారు. పెళ్లప్పుడు ఉమకిచ్చిన గొర్రెలు అత్తగారి మందలో కలిశాక కూడా, వాటికి పుట్టిన పిల్లలకు సత్తయ్య గుర్తే వేశారు. అంత మందలో ఉమవేవో అందరికీ తెలిసేది.

ఆమె ప్రతి ప్లేటు అంచున, కాల్చకముందే, నీళ్లు పోస్తూ సానరాయి మీద ఒక గాటు అరగదీసింది. బట్టీ వేడికి గాటు మొనలు గుండ్రబడ్డాయి. పాపకు పండ్ల ముక్కలు పెట్టడానికి రంగు పొడి లేని ప్లేటొకటి నేనే చేయించుకున్నాను. గాటు మీద వేలితో రుద్ది రుద్ది చూసుకున్నాకే పాపకిచ్చాను.

శ్యాంసుందర్ మాత్రం పెట్టెకు పెట్టె తిప్పి పంపాడు. ఫోన్లో గొంతు పై గదిదాకా వినబడింది.

"అంచులిరిగినయి పంపుతే ఎట్లనమ్మా?"

"ఇరగలే సేటు, అది నా గుర్తు."

"గుర్తని నీకు తెలుస్తది. కొనేటోనికి పలిగినట్టే కనవడ్తది. గుర్తన్న తియ్యి, లేకుంటే నా దుకాణానికి పంపకు."

"తీసెయ్యరాదే. పేరేమన్న కూడు పెడ్తదా?" అన్నాడు కాశీరాం. అమ్మిపెట్టే దుకాణం అదొక్కటే. గుర్తు తీసేస్తే మళ్లీ ఎవరి ఇంట్లోనైనా తన ప్లేటు ముందు నిలబడి నోరు మూసుకోవాలి.

ఆదివారం సత్తయ్య వచ్చాడు. ప్లేటు చేతిలోకి తీసుకుని, అంచంతా బొటనవేలితో తడిమి, పగలబడి నవ్వాడు.

"ఇదేం గాటే బిడ్డా, కుక్క కొరికిన చెవి లెక్కున్నది!"

"మన గుర్తే గద నాయినా."

"మనది రెండు గాట్లు గదనే. ఒక్కటెట్ల పెట్టినవ్?"

"రెండు పెడ్తే అద్దం పలుగుతదని…"

"ఒక్కటైతే కంపకు చీరుకున్నదో మనం కోసినమో ఎవనికెర్క? పక్కపక్కన, సమానంగ రెండున్నయనుకో, గుడ్డోడు సుత చెప్తడు, ఎవరో కావాల్నని పెట్టిండ్రని."

నేను మెట్ల మీద పాపకు అన్నం పెడుతూ విన్నాను. ప్రమాదం అదే లోతులో, అదే వెడల్పులో, పక్కనే మళ్లీ జరగదు. గుర్తు చెరగకుండా ఎంత గట్టిగా పడిందన్నదాని గురించే ఉమా, నేనూ ఇన్నాళ్లూ ఆలోచించాం. దాన్ని చూసినవాళ్లకు ఏం అర్థమవుతుందన్నది వదిలేశాం.

రెండు గాట్ల మధ్య సన్నటి చోట గాజు నిలవలేదు. మొదటి పలకలన్నీ సానరాయి మీదే విరిగాయి. ఎడం కొంచెం పెంచి, లోతు తగ్గించాక నిలిచాయి. అవి సిద్ధమయ్యాక, నాకూ సూర్యాపేటలో పనుండి, ఇద్దరం కలిసి వెళ్లాం.

శ్యాంసుందర్ ప్లేటు చూడగానే మొహం చిట్లించాడు. "మళ్ల అదే లొల్లి."

"మొత్తం సూడు సేటు."

రెండోది తీశాడు, మూడోది తీశాడు. కౌంటర్ మీద వరసగా పరిచాడు.

"అన్నిట్ల గట్లనే ఉన్నయే!"

"పలిగినయైతే గట్లుంటయా?"

ఆయన స్టిక్కర్ల చుట్ట తీసి, ఎప్పటిలాగే వెనక అంటించాడు. ఉమ అడ్డు చెప్పలేదు. తర్వాత ఒకదాన్ని అరలో నిలబెట్టాడు, గాట్లు కిందికి దాగేలా. ఉమ చెయ్యి చాచి, దాన్ని తిప్పి, గాట్లు పైకి వచ్చేలా పెట్టింది.

"శాన మొండిదానివమ్మా నువ్వు" అన్నాడాయన.

దాన్నలాగే ఉంచి, రెండోదాన్ని గాట్లు పక్కకు వచ్చేలా పెట్టాడు. ఉమ దాని జోలికి పోలేదు.