చక్రానికీ ఒక ఆదివారం

నా చిన్నప్పుడు మా చిన్నాయన కంభం చెరువులో లాంచీ నడిపేవాడు. బిందెడు నీళ్ల కోసం మైలు దూరం నడిచే మా వైపు జనానికి, ఒక మనిషి నీళ్ల మీద ఉద్యోగం చేస్తున్నాడంటే ముందు నవ్వొచ్చేది, తర్వాత కొంచెం కుళ్లు కూడా పుట్టేది. నాకు మాత్రం పొగరు. బడిలో ఎవరైనా తమ మామకు స్కూటరుందంటే, మా చిన్నాయనకు లాంచీ ఉందనేదాన్ని. అది సర్కారు లాంచీ అనీ, చిన్నాయన దానికి రోజు కూలీ డ్రైవరనీ చెప్పేదాన్ని కాదు.

నాకు పదేళ్లప్పుడు చెరువు లోతు కొలవడానికి ఆఫీసర్లు వచ్చారు. లాంచీ కట్ట దగ్గర బయలుదేరి ఒకే వేగంతో తిన్నగా అవతలి ఒడ్డుకు పోవాలి. నిమిషానికోసారి ఒకాయన గుర్తులు వేసిన తాడు నీళ్లలోకి వదిలి లోతు చెప్పేవాడు. ఎంత దూరం వచ్చామన్నది లాంచీ వేగాన్ని బట్టి లెక్కగట్టేవాళ్లు. ఆ వేగం చెప్పేది లాంచీ అడుగున నీళ్లలో తిరిగే బొటనవేలంత చక్రం. అది తిరిగే కొద్దీ పైన మీటరులో ముల్లు కదిలేది. ఈ పని సవ్యంగా ముగిస్తే చిన్నాయనను పర్మినెంటు చేయమని పైకి రాస్తానని పెద్ద ఆఫీసరు మాటిచ్చాడు. ఇక మా ఇంట్లో సాయంత్రం ప్రార్థనలో ఆ పర్మినెంటు రాని రోజు లేదు.

ఆ చక్రానికి శత్రువు పాచి. లాంచీ తిరుగుతున్నంత సేపూ పాచికి పట్టు దొరకదు. కట్టేసి ఉంచితేనే పడుతుంది. ఆదివారం మేమంతా చర్చికి పోతాం కాబట్టి లాంచీ కదిలేది కాదు. అందుకని ప్రతి శనివారం సాయంత్రం చిన్నాయన లాంచీ అడుగున ఉన్న గుంటలోంచి చక్రాన్ని దాని గొట్టంతో సహా పైకి లాగి, ఆ రంధ్రానికి బిరడా బిగించేవాడు. "మనకున్నట్టే దానికీ ఒక ఆదివారం ఉండాల పాపా" అనేవాడు. పాత టూత్ బ్రష్‌తో మెల్లగా రుద్ది, నీళ్లలోని ఉప్పుకు తెల్లపొర కట్టి ఉంటే చింతపండు నీళ్లలో నానబెట్టి, ఆరాక గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టేవాడు. పలక ముక్కతో గీకితే తొందరగా పోతుంది కదా అని ఒకసారి సలహా ఇచ్చాను. పలకలు తయారయ్యే మార్కాపురం పక్క పిల్లలకు దేనికైనా పలక ముక్కే మందు. గీత పడితే ఆ గీతలోనే మళ్లీ పాచి కూర్చుంటుందని చిన్నాయన నవ్వాడు.

చక్రం లాగినప్పటి నుంచి బిరడా పెట్టేదాకా ఆ రంధ్రంలోంచి నీళ్లు జానెడెత్తు చిమ్మేవి. నాకది చూస్తే చచ్చేంత భయం. ఆ సమయానికి నేను ఒడ్డున చింతపండు నీళ్లకు కాపలా కాస్తూ ఉండేదాన్ని.

క్రిస్మస్‌కు ఆఫీసర్లు పది రోజులు సెలవు పెట్టి ఊళ్లకు పోయారు. ఆ శనివారం చిన్నాయన రాచర్లకు పోయి, పుట్టింట్లో ఉన్న చిన్నమ్మనూ పసిబిడ్డనూ తీసుకురావాలి. బస్సుకు టైమైపోతోంది. "నేను తీస్తాలే చిన్నాయనా, నువ్వు పో" అన్నాను. అన్నది నా పొగరు. చిన్నాయన ఒక్క క్షణం నా వైపు చూసి, బిరడా నా చేతిలో పెట్టి పరుగెత్తాడు.

లాంచీ మోకాలి లోతు నీళ్లలోనే ఉంది. గొట్టం తల పట్టుకుని కొంచెం తిప్పాను. నాలుగు చుక్కలు పైకి వచ్చాయి. అంతే, ఎలా తిప్పానో అలాగే బిగించి, బిరడాను పావడా మడతలో దోపుకుని ఇంటికొచ్చేశాను. తిరిగొచ్చాక చిన్నాయన అడిగాడు.

"చక్రం తీసినావా పాపా?"

"తీసినా. గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టినా."

ఆ గుడ్డ మాట ఎందుకు కలిపానో నాకే తెలియదు. అబద్ధానికి కొంచెం అలంకారం ఉంటే నమ్ముతారనుకున్నాను కాబోలు. ఆ పది రోజులూ క్యారల్స్ పాడుతూ ఇల్లిల్లూ తిరిగాను గానీ, చెరువు కనిపించే వీధిలోకి రాగానే నా గొంతు సన్నబడేది. పాస్టరుగారి ప్రసంగం మొత్తం నా గురించే అనిపించింది. రోజూ చెప్పేద్దామనుకోవడం, చిన్నాయన మొహంలో సంతోషం చూసి రేపు చెబుదాంలే అనుకోవడం.

ఆఫీసర్లు వచ్చే రోజు పొద్దున్నే, ఎవరూ రాకముందే చక్రం తీసి కడిగేద్దామని లాంచీ దగ్గరికి పరుగెత్తాను. మళ్లీ ధైర్యం చాల్లేదు. అంతలో జీపు వచ్చింది. చిన్నాయన కూడా వచ్చి, చక్రం అప్పటికే గుంటలో ఉండటం చూసి అడిగితే, పెట్టెలోంచి తీసి నేనే బిగించానని చెప్పాను.

నేనూ ఎక్కాను. లాంచీ అవతలి ఒడ్డుకు పోయింది. పెద్ద ఆఫీసరు కాగితం మీద లెక్క చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ చూశాడు.

"ఏమయ్యా, పది రోజుల్లో మీ చెరువు వెడల్పు సగమైపోయిందే" అన్నాడు.

చిన్నాయన ఇంజను ఆపి చక్రాన్ని పైకి లాగాడు. నీళ్లు చిమ్మి ఆఫీసరుగారి ప్యాంటు తడిసింది. చక్రానికి పచ్చగా గడ్డం మొలిచి ఉంది. అందులో ఒక బుల్లి నత్త కూడా కాపురం పెట్టింది. చిన్నాయనకు అంతా అర్థమైంది. నా వైపు చూడను కూడా చూడలేదు.

"నేనే మర్చిపోయినా సార్. పండగ హడావిడిలో పడి" అన్నాడు.

నేను నోరు మూసుకుంటే సరిపోయేది. కానీ పర్మినెంటు కోసం మా అవ్వ కళ్లు మూసుకుని చేసే ప్రార్థన గుర్తొచ్చి ఏడుపు తన్నుకొచ్చింది. "చిన్నాయన కాదు సార్. నేనే తీయలేదు. భయమేసింది. తీసినా అని అబద్ధం చెప్పినా" అన్నాను.

"పిల్ల చేతిలో పెట్టిందెవరు?" అని ఆఫీసరు అడిగితే, "నేనే సార్. అందుకే తప్పు నాదే" అన్నాడు చిన్నాయన. ఆఫీసరు ఆ పేజీ మీద అడ్డంగా గీత కొట్టి, శుభ్రం చేసి మళ్లీ మొదటి నుంచి పోనిమ్మన్నాడు.

ఆ సాయంత్రం దెబ్బలు పడతాయనుకున్నాను. చిన్నాయన నన్ను గుంట పక్కన కూర్చోబెట్టి, చక్రం లాగి, చిమ్ముతున్న నీళ్ల మీద నా అరచెయ్యి పెట్టాడు. దూడ మూతితో తోసినట్టు మెత్తగా తోసిందంతే. నాకు నవ్వాగలేదు. బిరడా నేనే పెట్టాను.

"భయమైతాంది అని ఆ పొద్దే చెప్పుంటే ఏమయ్యేది? నాకు బస్సు పోయేది. ఇంకో బస్సు రాదా పాపా?" అన్నాడు.

పర్మినెంటు ఆ ఏడు రాలేదు. మరుసటేడు వచ్చింది. ఆలస్యానికి నేనే కారణమా అని అడిగితే చిన్నాయన ఎప్పుడూ మాట మార్చేసేవాడు. వచ్చేదాకా సాయంత్రం ప్రార్థనలో అందరికంటే గట్టి గొంతు నాదే.

నేను తర్వాత నర్సునై, పుల్లలచెరువు వైపు చాలా ఏళ్లు పనిచేశాను. టీకా మందుల ఫ్రిజ్‌లో చలి ఎంతుందో పొద్దునా సాయంత్రం చూసి రాయాలి. ఒకరోజు కొత్తగా చేరిన పిల్ల వచ్చి, "నిన్న సాయంత్రం చూడలేదమ్మా. తిడతారని ఊరికే అంకె వేసినా" అంది. ఆ ఒక్క మాట చెప్పడానికి నాకు పది రోజులు పట్టింది, ఆ పిల్లకు ఒక్క రాత్రి పట్టింది. ఆమెను కూర్చోబెట్టి టీ తెప్పించాను. తాగాక ఇద్దరం లేచి ఫ్రిజ్ దగ్గరికి వెళ్లాం.