బంగారు రంగు గడియ

నా చిన్నప్పుడు మా ఇంట్లో అన్నిటికంటే అందమైన వస్తువు స్నానాల గది తలుపుకు ఉండేది. దుబాయిలో పనిచేసే మా నాన్న, మా బాపు, సెలవు మీద వస్తూ తెచ్చిన గడియ అది. బంగారు రంగు, అద్దంలాంటి నునుపు, లాగడానికి ఒక గుండ్రటి బొడిపె. దానికోసం పాత ఇనుప గడియను పీకి అటక మీద పడేశారు. స్నానాల గదిని చూడటానికి చుట్టాలు రావడం బహుశా మా ఇంట్లోనే జరిగి ఉంటుంది. మా బాపు తల్లికి, అంటే మా బాపమ్మకు, మాత్రం అది నచ్చలేదు. “సూడ మంచిగనే ఉన్నది గని, పట్టుకుంటె జారుతున్నది,” అని ఊరుకుంది.

బతుకమ్మ పండుగనాడు నేను ఒక్కదాన్నే తలంటి పోసుకుంటానని పట్టుబట్టాను. లోపలికి పోయి గొప్పగా గడియ వేసుకున్నాను. తలకు నూనె, ఆపైన కుంకుడు రసం. అది కళ్ళలో పడింది. మంటతో బకెట్టులో చెయ్యి పెడితే నీళ్ళు అయిపోయాయి. కళ్ళు మూసుకునే తడుముకుంటూ తలుపు దగ్గరికి వచ్చి బొడిపె పట్టుకుంటే జారింది. రెండు చేతులతో గుంజినా జారింది.

కేకలు పెట్టాను. ఎవరూ పలకలేదు. బాపు బజారుకు, మిగతావాళ్ళు తంగేడు పూలకు పోయారని అప్పుడు గుర్తొచ్చింది. నా కళ్ళు పోయాయనే అనుకున్నాను. ఒకసారి ఆ గది తూములోంచి పాము వచ్చిందని బాపు చెప్పిన కథ కూడా అప్పుడే గుర్తుకు రావాలా! సరిగ్గా ఆ క్షణాన కాలికి ఏదో మెత్తగా, చల్లగా తగిలింది. కదిలితే కరుస్తుందని కదలలేదు. ఏడవడానికి కూడా భయమే.

“ఏమైంది బిడ్డా? నేను గీడనే ఉన్న,” అని తలుపు అవతల, నా కేకలు విని పెరట్లోంచి వచ్చిన బాపమ్మ గొంతు వినిపించింది. పాము, గడియ, కళ్ళు అన్నీ కలిపి ఏదో చెప్పాను. తలుపు పగలగొట్టే బలం ఆమెకు లేదు. ఆమె గొంతు కూడా వణుకుతోందని నాకు తెలిసిపోయి, ఇంకా భయమేసింది. అంతలో తలుపు కింది సందులోంచి ఏదో వచ్చి నా వేళ్ళకు తాకింది. కెవ్వుమన్నాను.

“నా కొంగే బిడ్డా. పట్టుకో. జర కండ్లు తుడుసుకో. దాన్నే గా గడియకు సుట్టి గుంజు.”

పొడి నూలు కొంగు. దాన్ని మొహానికి అదుముకుంటే బాపమ్మ వాసన వచ్చింది. కళ్ళు తుడుచుకుని చూస్తే, కాలి దగ్గర ఉన్నది నేను విడిచిన తడి లంగా! కొంగును బొడిపెకు చుట్టి గుంజాను. గడియ కదిలింది. తలుపు తెరిస్తే బాపమ్మ నేల మీద కూలబడి ఉంది, ఆమె చీర సగం నా చేతిలో ఉంది.

ఆమె తిట్టలేదు. మర్నాడు నా అరచేతుల్లో కుంకుడు రసం పోసి, కళ్ళు మూయించి, రెండు గడియలూ ఒకదాని తర్వాత ఒకటి పట్టించింది. “గిప్పుడు ఏరుకో,” అంది. గరుకుగా, వంకర కొసతో ఉన్న పాత ఇనుపదే చేతికి చిక్కింది. బాపు కాస్త చిన్నబోయినా, దాన్నే మళ్ళీ బిగించాడు.

మొన్న మా అబ్బాయి కట్టిస్తున్న ఇంటికి నీళ్ళ నల్లాలు, తలుపు గడియలు కొనడానికి కరీంనగర్ పోయాం. దుకాణంలో బంగారు పూత, రాగి పూత, నల్ల పూత, మెరిసేవి, మెరవనివి. కోడలు ఫోటోలు తీస్తుంటే నేను మగ్గుతో నీళ్ళు, సబ్బు అడిగాను. దుకాణమంతా నవ్వింది. నవ్వుకోనీ. కళ్ళు మూసుకుని ఒక్కొక్కటే పట్టి చూశాను. గరుకు పూత, పొడుగాటి పిడి ఉన్న నల్ల గడియ చేతిలో నిలిచింది. మా మనవరాలు ఈమధ్యే ఒక్కతే స్నానం చేస్తానని గోల పెడుతోంది.

తలుపు బిగించడానికి వచ్చిన వడ్రంగితో కింద కొంచెం సందు వదలమన్నాను.

“నీళ్ళు బయటికొస్తయి గదమ్మా?”

“రానియ్యి,” అన్నాను. నా కొంగు దూరాలి.