లుంగీ గాలి, కాకి గాలి, పాక గాలి

సముద్రంలో మోకాలి లోతు దిగి, దోసిట్లో ఉప్పునీళ్లు పట్టుకుని ప్రమాణం చేసి వచ్చి మరీ రాస్తున్నాను: ఇందులో ప్రతి మాటా నిజం. నేనిలా ఒట్టు వేస్తే మా ఊళ్లో ముందే నవ్వుతారు. నవ్వనివ్వండి.

పొద్దున్నే ఫోనుకొచ్చిన గాలి కబురు మైకులో చదవడం నా పని. హనుమాన్ జంక్షన్‌లో కొన్న పాత మైకది, గుడి గోడకు కట్టి ఉంటుంది. "గంటకు ముప్పై కిలోమీటర్లు" అని చదివితే వేటకెళ్లేవాళ్లకు ఎక్కేది కాదు. "సముద్రం మీద కిలోమీటరు రాయి ఎక్కడుందిరా?" అని ఒక పెద్దాయన అడిగాడు. ఆ రోజు నుంచి నేనే కొలతలు పెట్టాను. లుంగీ ఎగిరితే లుంగీ గాలి, వేటకు వెళ్లొచ్చు. కాకి వెనక్కి ఎగిరితే కాకి గాలి, మా కాలవ సముద్రంలో కలిసే మొగ దాటకూడదు. పాక కప్పు లేచిపోతే పాక గాలి, పడవ ఒడ్డునే ఉండాలి. నెల తిరిగేసరికి ఆడవాళ్లు కూడా బట్టలారేస్తూ "ఇయ్యాల కాకేనంట వదినా" అనుకునేవారు.

ఊరంతా నా కొలతతో నడుస్తోందని నాకు కొవ్వెక్కింది. రోజూ ఆ మూడు గాలులేనా అనిపించింది.

ఆ పొద్దున ఫోనులో అరవై కిలోమీటర్లని ఉంది. అంటే పాక గాలే. కానీ ఆకు కదలడం లేదు, మైకు చుట్టూ జనం ఉన్నారు, నా నోరు ఊరుకోలేదు.

"వినండహో! ఇవాళ అత్తగారి గాలండీ! ఇప్పుడు చడీచప్పుడూ ఉండదు, మధ్యాహ్నం చూస్కోండి!"

అందరూ నవ్వారు. మా అక్క మొగుడు వల భుజాన వేసుకుని ఆగాడు.

"ఏరా బామ్మర్దీ, అత్తగారి గాలంటే లుంగీ కన్నా పెద్దదా, చిన్నదా?"

"మీ అత్తగారినే అడుగు బావా!"

ఆయన అత్తగారంటే మా అమ్మే. పక్కనే చేపలు ఎండబెడుతోంది. "నాకెక్కడి గాలి బాబూ, నేనూదితే పొయ్యే రాజుకోటంలా" అంది.

"అయితే చిన్నదేరా!" అంటూ బావ పడవ నెట్టించాడు. ఆయనతో ఇంకో ఇద్దరు ఎక్కారు.

నేను కాలవ గట్టు మీద మొగ దాకా పరుగెత్తాను. "బావా, వెనక్కి తిప్పు! పాక గాలి!" అని గొంతు పోయేలా అరిచాను. ఇంజన్ చప్పుడులో వినబడలేదు. ఒకసారి చెయ్యి ఊపాడు.

మధ్యాహ్నం గాలి వచ్చింది. మా వంటపాక కప్పు లేచి కాలవలో పడింది. కొలత సరిగ్గానే పెట్టాననిపించింది. అంతకు మించి ఏమీ అనిపించలేదు. మర్నాడు ఆ ఇద్దరూ ప్లాస్టిక్ డబ్బాలు పట్టుకుని ఒడ్డుకు చేరారు. పడవ పక్క ఊరి ఇసుకలో దొరికింది. బావ దొరకలేదు.

విజయవాడ నుంచి చుట్టాలొచ్చి ఏడ్చారు. వాళ్లకు టీలు నేనే అందించాను. పంచదార సరిపోయిందా అని కూడా అడిగాను.

అక్క ఏడవలేదు. "మొగ దాకా పరిగెత్తావంట కదరా?" అంది.

"పరిగెత్తానక్కా."

"ఇనబళ్లేదంటావా?"

"ఇంజన్ చప్పుడు."

తల ఊపి, బియ్యం చేట అందుకుంది.

ఇప్పుడు మైకులో అంకెలే చదువుతున్నాను. ఎవరైనా "లుంగీయా, కాకా?" అని అడిగితే మళ్లీ అంకే చెబుతాను.

ఇక ఒట్టు సంగతి. కొలతలు, అత్తగారి గాలి, అమ్మ పొయ్యి మాట, ఎగిరిన పాక, అన్నీ జరిగినవే. గట్టు మీద పరుగు ఒక్కటే కల్పించాను. పడవ మొగ దాటే వేళకు నేను టీ కొట్టు దగ్గర కూర్చుని, అత్తగారి గాలి అన్న మాట నాకెలా తట్టిందో చెబుతున్నాను. వింటున్నవాళ్లు బాగా నవ్వారు. అక్కకు ఇంకా చెప్పలేదు.