లావెండరు పాయసం, పిన్ని గిన్నెలు

ఆ వయసులో నాకు తెలియనిది ఏదీ లేదని నా గట్టి నమ్మకం. డిగ్రీ అయిపోయింది, ఫోను నిండా వంటల వీడియోలున్నాయి, ఇక బరంపురంలో నన్ను ఆపేదెవరు? ఆపింది ఒక్క మా పెదనాన్నే. ఇంటి ముందువైపు ఖాళీ గోనెసంచులు పడేసే గది ఒకటుండేది. అందులో ఓవెన్ పెట్టుకుని కేకులు చేసి అమ్ముతానని నెలరోజులు ఆయన చుట్టూ తిరిగాను. (మాది తాతల నాటి పప్పుల టోకు వ్యాపారం. ఇంటి ఆడపిల్ల కేకులమ్ముతానంటే ఆయనకు మింగుడుపడలేదు.) చివరికి విసిగిపోయి, "సరే, ఆదోరం మజ్జాన్నం నువ్వొక్కద్దానివే వండు. నాను తిని బాగుందంటే గది నీది. నేదంటే ఆ ఊసు మల్లీ ఎత్తకూడదు, తెలిసిందా?" అన్నారు.

మామూలు వంట చేస్తే నా గొప్పేముంది? అందుకని లావెండరు తెప్పించాను. ఊదారంగు ఎండుపూలు, చిన్న పొట్లం. వాటిని ఫ్రాన్సు వాళ్లు కూరల్లోనూ వేస్తారట, తీపిలోనూ వేస్తారట. మిరియాలతో కలిపి బంగాళాదుంపల వేపుడు, పాలలో మరిగించి సేమ్యా పాయసం చేద్దామనుకున్నాను. దేనికైనా పావుచెంచా చాలని పొట్లం మీద రాసి ఉంది. నాకు నవ్వొచ్చింది. మాది గంజాం, మొగలిపూల సీమ. మా ఇళ్లలో పాయసంలోకి మొగలిపూల నీళ్లు వంచితే, వీధిగుమ్మం దాకా ఘుమఘుమలాడేవరకూ సీసా తిరిగి నిలబెట్టరు. పాపం వాళ్లకి పూలు కరువేమో అనుకుని వేపుడులో గుప్పెడు, పాయసంలో గుప్పెడున్నర వేశాను.

పెదనాన్న వేపుడు కలిపి ఒక ముద్ద తిన్నారు. ఆగారు. పాయసం ఒక గుటక తాగారు. మళ్లీ ఆగారు. గది పోయిందనే అనుకున్నాను. ఆయన గిన్నె ఎత్తి వాసన చూసి వంటింటి వైపు కేకేశారు.

"ఏటిది? గిన్నెల్నిండా సాబును వాసన! ఎవులు తోమినారు?"

గిన్నెలు తోమేది మా పిన్ని. (బాబాయి భార్య. అందరికంటే చిన్న కోడలు కాబట్టి ఎవరికీ నచ్చని పనులన్నీ ఆవిడవే.) గుమ్మంలోకి వచ్చి, "నానే బావగారూ" అంది.

"నీల్లు పోసి తొలిసినావా నేదా? పిల్ల ఇంత కష్టపడి వండితే అంతా సాబును పాలు సేసినావు కదమ్మా!"

అది నా పూల వాసనని చెప్పాలి. నోరు తెరిచాను కూడా. అంతలో పెదనాన్న నా వైపు తిరిగి, "నీ తప్పేటుందిలే! వేపుడు బాగా ఏగింది, సేమ్యా బాగా ఉడికింది. హఉ, సరే, గది తీసుకో" అన్నారు. తెరిచిన నోరు మూసేశాను. రాస్తుంటే ఇప్పటికీ సిగ్గేస్తోంది.

ఆ సాయంత్రం పిన్ని పెరట్లో కూర్చుని ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ మళ్లీ తోమింది. గోనెసంచులు దులుపుతూ నేను కిటికీలోంచి చూశాను. నాలుగు రోజులు ఓర్చుకున్నాను. ఐదోరోజు గిన్నెలు తోముతున్న ఆవిడ దగ్గరికి ఏడుపు మొహంతో వెళ్లి, "పిన్నీ, అది సబ్బు కాదు, నా పూలే. పెదనాన్నకి చెప్పేస్తాను" అన్నాను.

పిన్ని చెయ్యి ఆగలేదు. "నాకా రోజే తెల్సు" అంటూ పిడికిట్లోని చింతపండు పిప్పి చూపించింది. "మన కంచు గిన్నెలకి నానెప్పుడు సబ్బు రాసినానే? పదేల్లనుంచీ సింతపండూ ఉప్పే. ఇంటిల్లిపాదీ ఆటిల్లోనే తింతారు. దేంతో తోముతానో ఒక్కలికీ తెల్దు."

నాకూ తెలియదు. అది ఆవిడ అనలేదు.

"మరి ఆ రోజే చెప్పలేదేం?"

"సెప్తే నీ గది పోద్ది. ఈ ఇంట్లో ఒక్కద్దానికైనా ఓ గది ఉండనీ. నువ్వూ సెప్పకు."

చెప్పానని రాసుకుంటే నాకు బాగుంటుంది. కానీ చెప్పలేదు. గది నిలబడింది, కేకులు అమ్ముడవుతున్నాయి, మధ్యాహ్నాలు పిన్ని కూడా వచ్చి ఆ గదిలోనే కూర్చుంటుంది. పెదనాన్న మాత్రం ఇప్పటికీ ఎవరింట్లో పాయసమిచ్చినా ముందు గిన్నె వాసన చూసి గాని తాగరు. చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. పక్కనే పిన్ని ఉంటే ఆ నవ్వు సగంలోనే ఆగిపోతుంది. మిగతా సగం ఆవిడే నవ్వేస్తుంది.